పాట వెనుక నిలిచిన కంఠము



1964వ సంవత్సరమున లండను నగరమందు డెక్కా కంపెనీవారు ఒక గ్రామఫోను రికార్డును సిద్ధపరచిరి. దాని పేరు "ఫోక్ రూట్స్, న్యూ రూట్స్". ఇంగ్లీషున వేరు అను మాటయు దారి అను మాటయు చెవికి ఒక్కటిగానే వినబడును గనుక, పల్లెపాటల వేళ్లు, క్రొత్త దారులు అని శ్లేషగా ఆ పేరు పెట్టిరి. అందు 16 అంశములు కలవు. మూడు కేవలము గిటారు వాదనము. తక్కిన 13ను ఒక స్త్రీ కంఠము, దాని ప్రక్క ఒక గిటారు. ఒకటి రెండు చోట్ల ఆమెయే బాంజో అను తంత్రీవాద్యమును మీటినది. అంతియే గాని డోలు లేదు, పియానో లేదు, పిడేళ్ల మేళము లేదు, విద్యుచ్ఛక్తిచే నాదమును పెంచు యంత్రవాద్యము లేదు.

పాడినామె షర్లీ కాలిన్స్. గిటారు వాయించినతడు డేవీ గ్రాహమ్. ఆమె 1935లో ఇంగ్లండు దక్షిణ తీరమందలి హేస్టింగ్స్ పట్టణమున పుట్టెను. అతడు 1940లో లీస్టర్‌షైర్ మండలమందలి హింక్లీలో పుట్టెను. వీరిద్దరును కలసి చేసిన రికార్డు ఇదొక్కటియే. అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయినదియు కాదు. ఐనను తరువాతి పదేండ్లలో ఇంగ్లండునందు "ఫోక్ రాక్" అను పేర వెలసిన సంగీతమునకు త్రోవ తీసిన వానిలో దీనిని ముందు వరుసయందే చెప్పుదురు. రాక్ అనగా నేమో మన పెద్దలలో కొందరికి తెలియకపోవచ్చును. 1950 ప్రాంతముల అమెరికాలో పుట్టి, విద్యుత్తుతో మ్రోగు గిటార్లను, పెద్ద డోళ్లను ఆధారము చేసికొని, పడుచువారిని ఉఱ్ఱూతలూగించిన పాటపద్ధతికి ఆ పేరు. ఆ పద్ధతి వచ్చి ముసలివారి పల్లెపాటతో వియ్యమందుటకు నడుమ మధ్యవర్తిత్వము చేసినది ఈ రికార్డు.

ఎచ్చటిదో సీమపాట, దానితో మనకేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. ముత్తాతలనాటి పాటకు పరదేశపు వాద్యము తోడైనప్పుడు ఆ పాట నిలుచునా, మాసిపోవునా యను తగవు ఇంగ్లండునకే చెందినది కాదు. హార్మోనియము మన నాటకములలోను భజనలలోను ప్రవేశించినప్పుడు ఇట్టి వాదమే పుట్టెను. గమకము పలుకని పెట్టె యని విద్వాంసులు దానిని నిరసించిరి. ఆల్ ఇండియా రేడియోవారు 1940లో దానిని తమ ప్రసారములనుండి వెలివేసి, 1971 వరకు గడప త్రొక్కనీయలేదు. ఇంతలో ఊరూర భజనమందిరములలో అది మ్రోగుచునే యుండెను.

ముందుగా ఆ పాటల పుట్టుపూర్వములు కొంత చెప్పవలసియున్నది. 19వ శతాబ్దమున ఇంగ్లండులో యంత్రశాలలు ప్రబలి, పల్లెలు పలుచబడి, సేద్యపు పనులలో పుట్టి పెరిగిన పాటలు ముసలివారి నోళ్లలో మాత్రమే మిగిలెను. 1903లో సెసిల్ షార్ప్ అను సంగీతోపాధ్యాయుడు సామర్‌సెట్ మండలమందలి హాంబ్రిడ్జ్ గ్రామమునకు చుట్టపుచూపుగా పోయెను. అచ్చట తోటలో పనిచేయుచు ఒకడు తనలో తాను పాడుకొనుచుండగా విని, ఆ పాటను స్వరములతో వ్రాసికొనెను. ఆ తోటమాలి పేరు జాన్ ఇంగ్లండు. దేశము పేరే తన పేరుగా గలవాడు దేశపు పాటను చేతికిచ్చుట చూడ ముచ్చటైన సంగతి. ఆ యూరనే లూయీ హూపర్, లూసీ వైట్ అను అక్కచెల్లెండ్రుండిరి. ఇంట కుట్టుపని చేసికొని పొట్టపోసికొను పేదరాండ్రు. వారి నోటినుండి షార్ప్ పదులకొలదిగా పాటలు సేకరించెను. తాము పాడునది ఒక విద్య యని గాని, అది ఒకనాడు అచ్చుపడునని గాని వారు తలచియుండరు. తల్లి పాడగా విన్నారు, సూది కదలుచుండగా పాడుకొన్నారు.

షార్ప్ అంతటితో ఆగలేదు. 1916 మొదలు 1918 వరకు మాడ్ కార్పెలిస్ అను శిష్యురాలిని వెంటబెట్టుకొని అమెరికాలోని అపలేచియన్ కొండలలో తిరిగెను. రెండు వందల యేండ్ల క్రిందట ఇంగ్లండునుండియు స్కాట్లండునుండియు వలసపోయినవారి సంతతి ఆ కొండలలో నివసించుచుండెను. పుట్టినింట మరచిపోయిన పాటలు మెట్టినింట పదిలముగా నుండుటను అతడచ్చట చూచెను. అందొకటి "నాటమన్ టౌన్" అను తలక్రిందుల పాట. అందు చెప్పినదంతయు విపరీతము, ఒకదానికొకటి పొసగదు. ఇంగ్లండున అది వాడుకలో లేకుండెను. కెంటకీ రాష్ట్రపు కొండలలో రిచీ అను కుటుంబమువారు తరతరములుగా దానిని పాడుకొనుచుండగా 1917లో షార్ప్ వ్రాసికొనెను. ఆ కుటుంబపు ఆడపడుచు జీన్ రిచీ తరువాతి కాలమున గొప్ప గాయని యయ్యెను. బాబ్ డిలన్ 1963లో యుద్ధవ్యాపారులను నిందించుచు వెలువరించిన "మాస్టర్స్ ఆఫ్ వార్" అను పాటకు వరుస ఈ నాటమన్ టౌన్ వరుసయే. మన రికార్డులో మొదటి పాటయు ఇదే. సముద్రమును దాటిపోయిన పాట మరల సముద్రమును దాటి స్వదేశమునకు వచ్చి లండనులో పాడబడినది.

ఇక షర్లీ బాల్యము. ఆమె కుటుంబము కలిమిగలది కాదు. యుద్ధకాలమున జర్మను విమానములు దక్షిణ తీరముపై బాంబులు కురిపించునప్పుడు, షర్లీయు ఆమె యక్క డాలీయు తాత అవ్వలతో నేలమాళిగలో తలదాచుకొనెడివారు. పిల్లలు జడియకుండుటకై తాత పాటలు పాడెడివాడు. పైన ప్రాణభయము, క్రింద పాట. ఆమె చెవికి ఈ పాటలు మొదట చేరినది ఇట్టి స్థితిలో. కొంచెము పెద్దదైన పిమ్మట, తాను జానపద గాయని కాగోరుచున్నానని బి.బి.సి. రేడియోవారికి ఒక జాబు వ్రాసెను. ఆ జాబు బాబ్ కాపర్ అనునతని చేత పడెను. ఆయన ససెక్స్ మండలపు పాటలకుటుంబములలో పేరెన్నికగన్న కాపర్ వంశీయుడు; రేడియోవారి పక్షమున పల్లెపాటలు సేకరించుచుండెను. ఆయన స్వయముగా వారి యింటికి వచ్చి అక్కచెల్లెండ్రను చూచిపోయెను.

షర్లీ పడుచుదనమున లండను చేరి, షార్ప్ పేర వెలసిన సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయమున పాటల పుస్తకములు తిరుగవేసికొనుచు కాలము గడపెను. 1954లో అలన్ లోమాక్స్ అను అమెరికా పండితునితో పరిచయము కలిగెను. జనుల నోటిపాటలను యంత్రములకెక్కించుటలో ఆ కాలమున ఆయనకు సాటి లేరు. 1959లో షర్లీ ఓడనెక్కి అమెరికా పోయి, జూలై మొదలు నవంబరు వరకు ఆయనతో దక్షిణ రాష్ట్రములలో తిరిగెను. వర్జీనియా, కెంటకీ, అలబామా, మిసిసిపి, ఆర్కన్సా: ప్రార్థనమందిరములు, చెఱసాలలు, చేలగట్లు, పేదల యిండ్ల వసారాలు. మిసిసిపిలో కోమో అను ఊర పత్తి తీయు పని ముగించుకొని సాయంకాలమున ఒక రైతు గిటారు చేతబట్టి వచ్చెను. అతడే ఫ్రెడ్ మెక్‌డవల్. ఆనాటివరకు అతని పేరు ఆ చుట్టుప్రక్కల తప్ప ఎవరికిని తెలియదు. ఆ రాత్రి తీసిన రికార్డులవలన లోకమునకు తెలిసెను.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పక విడువజాలను. ఆ ప్రయాణములో షర్లీ కేవలము ప్రేక్షకురాలు కాదు. పాడువారితో మాటలాడుట, వ్రాతపని, యంత్రముల సంరక్షణ, అన్నిటను పాలుపంచుకొనెను. లోమాక్స్ చాల యేండ్లకు వ్రాసిన గ్రంథములో ఆమెను గూర్చి, ఆమెయు వెంట వచ్చినదని మాత్రము ఒక ముక్క వ్రాసి సరిపుచ్చెను. అది ఆమె మనస్సును గాయపరచెను. పిదప ఆ ప్రయాణకథను తానే "అమెరికా ఓవర్ ది వాటర్" అను పుస్తకముగా వ్రాసికొనెను. పాటలను కాపాడినవారు స్త్రీలు. సేకరించిన పేరు పురుషులది. ఈ న్యాయము ఒక్క అమెరికాకే పరిమితమని నేననజాలను.

ఆర్కన్సా రాష్ట్రమున ఆల్మీడా రిడిల్ అను గాయనిని షర్లీ కలిసికొనెను. ఆమె 1926లో సుడిగాలివలన భర్తను, పసిబిడ్డను కోల్పోయిన యిల్లాలు. ఆమె అభిప్రాయమేమనగా, పాడువారు పాటకు ముందు నిలువరాదు, వెనుక నిలువవలెను. వినువారికి కనబడవలసినది కథయే గాని గాయని కాదు. షర్లీకి ఈ మార్గము స్వభావముచేతనే అబ్బియుండెను. అట్టి కష్టము పడిన స్త్రీ ఏడ్పుపాటలను కంటతడి లేకుండ పాడుట చూచిన పిమ్మట, దాని విలువ మరింత రూఢియైయుండును.

డేవీ గ్రాహమ్ వేరొక మట్టివాడు. తండ్రి స్కాట్లండులోని స్కై ద్వీపమువాడు. తల్లి దక్షిణ అమెరికాలోని గయానా దేశస్థురాలు. చిన్ననాట పెన్సిలు గ్రుచ్చుకొని కుడికన్ను చూపు పోయెను. యౌవనమున ఒకచోట కాలు నిలువక తిరుగుచు, మొరాకోలోని టాంజియర్ పట్టణమున కొంతకాలముండెను. అచ్చటివారు వాయించు ఊద్ అను వాద్యమునకు తన గిటారును తోడుగా పలికింపవలెనని, తంతులను విప్పి క్రొత్త శ్రుతిలో కూర్చెను. గిటారుకు తంతులు ఆరు. మన లెక్కలో చెప్పవలెనన్నచో ఆ ఆరు తంతులును వరుసగా షడ్జమము, పంచమము, షడ్జమము, మధ్యమము, పంచమము, షడ్జమము. మన తంబురా ఎరిగినవారు ఈ యేర్పాటును వినగనే తల యూపుదురు. ఇందు గాంధారము లేదు. పాశ్చాత్య సంగీతమున గాంధారము తీవ్రమైనచో సంతోషము, కోమలమైనచో దుఃఖము అని స్థూలముగా ఒక వాడుక కలదు. వాద్యమే ముందుగా గాంధారమును పలికెనా, పాట ఏదో ఒక ప్రక్కకు ఒరుగవలసినదే. పాత పల్లెపాటలు అటు పూర్తిగా సంతోషమునకును, ఇటు పూర్తిగా దుఃఖమునకును లొంగవు. అవి యీ చట్రములు పుట్టకమునుపటి వరుసలు. గాంధారము లేని శ్రుతి వానికి చోటు విడిచి నిలుచును. డేవీ ప్రతి పాటను ఈ శ్రుతిలోనే వాయించెనని కాదు. ఐనను అతని వాదనమంతటను ఈ యెడము విడుచు గుణము కలదు. భారతీయ సంగీతమునకును అతడు చెవి యొగ్గినవాడే. తన కృతి యొకదానికి "బ్లూ రాగా" యని పేరు పెట్టెను.

ఇట్టి యిద్దరిని జతగూర్చవలెనను ఆలోచన షర్లీ భర్త జాన్ మార్షల్‌ది. పల్లెసీమ యువతి, పరదేశ సంచారి. ఆమె పాటలు నేలనంటినవి. అతని చేతిలో ఆఫ్రికా తీరపు వాయిద్యపు పోకడలు, అమెరికా నల్లవారి బ్లూస్, జాజ్ మొదలైనవన్నియు కలసి యుండెను. ఆ కాలపు జానపద సంగీత సభలలో నియమములు కఠినముగా నుండెడివి. ఈవన్ మెకాల్ మున్నగువారు లండనులో నడపిన సింగర్స్ క్లబ్బులో, పాడువారు తమ దేశపు పాటలను, తమ భాషలో మాత్రమే పాడవలెనని కట్టడి చేసిరి. ఈ నియమమున నొక న్యాయము లేకపోలేదు. లండను కుఱ్ఱవాడు మిసిసిపి కూలివానివలె యాసపెట్టి పాడుట వినుటకు ఎబ్బెట్టుగానే యుండును. కాని నియమమును కడవరకు లాగినచో, సముద్రము దాటి వచ్చిన నాటమన్ టౌన్ ఏ దేశపు పాట యనవలెను?

పాటలలో కొన్నిటిని గూర్చి చెప్పెదను. "లార్డ్ గ్రెగరీ" అను కథాగేయమున ఒక యువతి చంటిబిడ్డ నెత్తుకొని, వానలో తడియుచు, ప్రియుని కోట వాకిట నిలిచి తలుపు తీయుమని వేడును. లోపలినుండి అతని తల్లి బదులుచెప్పి ఆమెను వెడలగొట్టును. నాటకములోనైనచో ఈ ఘట్టమున గాయని గొంతు వణకించును, ఒక మాటను సాగదీయును, మరియొక మాటను మ్రింగును. షర్లీ అట్లేమియు చేయదు. యువతి వేడికోలును, ముసలిదాని కఠినోక్తిని ఒక్క తీరున, ఒక్క ఎత్తున పాడుకొనిపోవును. తగవు జరుగుచుండగా చూచినవారు మరునాడు ఊరివారికి చెప్పినట్లుండును. అందుచేతనే వినువాని గుండె బరువెక్కును. ఏడ్చుపని మనకే విడిచిపెట్టినది గనుక.

స్త్రీ కంఠమునకు బలమనగా పెద్దగా పలుకుట యని చాలమంది తలచెదరు. రాక్ సంగీతమున నిజముగానే పెక్కుమంది స్త్రీలు డోళ్లను మించి పలికి కీర్తిగాంచిరి. వారిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని వేరొక బలము కలదు. షర్లీ కంఠము సన్నమైనది, తియ్యదనముతో కొంచెము పొడిదనము కలసినది, ఏ అలంకారమును లేనిది. ప్రక్కన డేవీ గిటారు వాగువలె పరుగిడుచుండును. ఎచ్చటికో పోయి మరల వచ్చుచుండును. ఆమె తన త్రోవనుండి జొన్నగింజంతయు తొలగదు. చిక్కని లయలతో గిటారు కవ్వించినను తొందరపడదు. పోటీపడదు. ఏటి నడుమ పాతిన గుంజవలె నిలుచును. నీరెంత వడిగా పారునో ఆ గుంజనుబట్టియే తెలియును.

"బోల్ వీవిల్, హాలర్" అను పాట పత్తికాయను తొలుచు ముక్కుపురుగును గూర్చినది. మెక్సికోనుండి 1892 ప్రాంతమున టెక్సాసులో ప్రవేశించి, ముప్పది యేండ్లలో అమెరికా దక్షిణ రాష్ట్రముల పత్తిసేద్యమును చుట్టుముట్టి, లక్షలాది కౌలుదారులను కూలీలను వీథులపాలు చేసిన పురుగది. పత్తి పండించి పురుగుచే దెబ్బతిన్న రైతులు మన శ్రోతలలోను ఉందురు. వారికి ఈ పాట వ్యాఖ్యానము లేకయే తెలియును. అలబామాకు చెందిన వీరా హాల్ అను నల్లజాతి స్త్రీ ఈ పాట పాడగా 1959 ప్రయాణముననే లోమాక్స్ రికార్డు చేసెను. ఆమె వంటలు చేసి, బట్టలు ఉతికి బ్రతికిన మనిషి. 1964 జనవరిలో ఆమె మరణించెను. ఆ సంవత్సరముననే ఆ పాట లండనులో ఈ రికార్డునకెక్కెను.

నా మనస్సునకు రుచింపనిదియు నొకటి కలదు. గిటారు మాత్రమే మ్రోగు మూడింటిలో రెండు అమెరికా జాజ్ వారి కృతులు. వాదనము నిర్దుష్టము, కాని ఆ పాటల నడుమ అవి దారి తప్పి వేరొకరి పెండ్లికి వచ్చిన చుట్టములవలె నున్నవి. మూడవదియగు "రిఫ్ మౌంటెన్" మాత్రము మొరాకో కొండల పేరు దాల్చి, డేవీ తెచ్చిన దూరదేశపు గాలిని స్పష్టముగా వినిపించి, తక్కిన పాటలలోని గిటారునకు భాష్యమువలె నున్నది.

ఈ జోడు మరల రికార్డుచేయలేదు. ఐనను వారు వేసిన త్రోవను నడచినవారు పలువురు. 1969లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అను బృందమువారు "లీజ్ అండ్ లీఫ్" అను ఆల్బమున పాత కథాగేయములను విద్యుద్గిటార్లతో, డోళ్లతో పాడిరి. గాయని సాండీ డెనీ. షర్లీ పాడిన "రేనార్డిన్" అను పాట అందును కలదు. నక్కవంటి మాయగాడు కొండలలో కన్నెపిల్లను వెంటబెట్టుకొనిపోవు కథ యది. పెంటాంగిల్ అను మరియొక బృందమున జాకీ మెక్షీ కంఠమునకు ఇరువురు గిటారు నిపుణులు తోడైరి. డేవీ కూర్చిన షడ్జమ పంచమముల శ్రుతి గిటారు వాయించువారి సొత్తయ్యెను. లెడ్ జెప్లిన్ అను ప్రఖ్యాత రాక్ బృందమున జిమ్మీ పేజ్ దానిని వాడి, 1975లో "కాశ్మీర్" అను కృతిని వినిపించెను. ఆ పేరును చూచి అది మన కాశ్మీరదేశపు బాణీ యనుకొందురేమో. ఆ శ్రుతి టాంజియర్‌నుండి వచ్చినది.

షర్లీ ఈ పేరుప్రతిష్ఠలకు దూరముగా అక్క డాలీతో కలసి పాడసాగెను. డాలీ చేతితో మోయదగిన చిన్న ఆర్గనును వాయించుచు, పాటలకు వాద్యరచన చేసెడిది. 1969లో వారు చేసిన "ఆంథమ్స్ ఇన్ ఈడెన్" మొదటి మహాయుద్ధమున పల్లెపడుచువాండ్రు వేలకువేలు హతులై, ఊళ్ల పాటలు వారితోనే మూగవోయిన కథను సూచించు పాటల మాలిక. 1971లో షర్లీ, ఫెయిర్‌పోర్ట్ బృంద సంస్థాపకులలో నొకడగు యాష్లీ హచింగ్స్‌ను పెండ్లాడెను. ఆ సంవత్సరముననే ఇరువదిమందికి పైబడిన వాద్యగాండ్రతో, డోళ్లతో, విద్యుద్గిటార్లతో "నో రోజెస్" అను ఆల్బము పాడెను. ఏడేండ్ల క్రిందట ఒక్క గిటారు ప్రక్కన నిలిచిన కంఠమే అంత మేళము నడుమను నిలిచెను, తీరు మారలేదు.

ఆ కంఠమే పోయినది. 1970వ దశకపు చివర ఆ వివాహబంధము తెగెను. ఆ కాలమున ఆమె నాటకశాలలో రాత్రి రాత్రి పాడవలసియుండెను. ఒకనాడు నోరు తెరచిన స్వరము వచ్చెడిది, మరునాడు వచ్చెడిది కాదు. వచ్చినను నడుమ తెగెడిది. వైద్యులు దీనిని డిస్ఫోనియా యందురు. కంఠమందలి కండరములు మనస్సు చెప్పినట్లు వినక బిగిసిపోవుటచే మాటయు పాటయు చిక్కువడు వ్యాధి యది. 1978లో వెలువడిన ఆల్బము తరువాత ఆమెనుండి మరి పాటల రికార్డు రాలేదు. కొంతకాలము పెనగులాడి పాటను మానుకొనెను. ఇద్దరు బిడ్డలను సాకుటకై పాటతో సంబంధము లేని ఉద్యోగములు చేసెను. 1995లో డాలీ మరణించెను. పాటలను గూర్చి ఉపన్యసించెడిది, వ్రాసెడిది. 2008లో ఇంగ్లీషు జానపద నృత్యగాన సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. పాడుట మాత్రము లేదు. సంగీతాభిమానులకు ఆమె బ్రతికియుండగనే పాతకథ యయ్యెను.

డేవీ గ్రాహమ్ జీవితమును సుఖముగా గడవలేదు. మత్తుమందుల పాలై, కచ్చేరీలకు దూరమై, లండనులో గిటారు పాఠములు చెప్పుకొనుచు మరుగున పడియుండెను. వృద్ధాప్యమున మరల కొన్ని సభలలో వాయించి, 2008 డిసెంబరులో మరణించెను. షర్లీ మరల పాడుట అతడు వినలేదు.

డేవిడ్ టిబెట్ అను సంగీతకారుడు ఏండ్లతరబడి ప్రాధేయపడగా, 2014 ఫిబ్రవరిలో లండనులోని యూనియన్ చాపెల్ అను మందిరమున ఆమె వేదిక యెక్కెను. అప్పటికి 78 ఏండ్ల వయస్సు. మూడు దశాబ్దములకు మించి సభలో పాడని గొంతు. రెండే పాటలు పాడెను. అందొకటి "డెత్ అండ్ ది లేడీ". మృత్యువునకును ఒక సంపన్న స్త్రీకిని నడుమ జరుగు సంవాదము. బంగారమిచ్చెదను, కొంత గడువిమ్మని ఆమె బేరమాడును. మృత్యువు బేరమునకు లోబడదు. ఈ పాటనే షర్లీ 1970లో అక్కతో కలసి రికార్డుచేసియుండెను.

ఆ తరువాత 2016లో "లోడ్‌స్టార్" అను ఆల్బము వెలువడెను. స్టూడియోకు పోవుటకు జంకి, లూయిస్ పట్టణమందలి తన యింటనే, మిత్రులగు వాద్యగాండ్రు యంత్రములు తెచ్చుకొనగా పాడెను. ఒక పాటలో పిట్టల కూతలు వినబడును. "డెత్ అండ్ ది లేడీ" ఇందును కలదు. ఇప్పుడు శ్రుతి దిగినది. పూర్వపు తియ్యదనము పోయి, కంఠమున ఎండిన కర్రవంటి గరుకుదనము వచ్చినది. ఊపిరికై నడుమ నడుమ నిలుచుట తెలియును. తీరు మాత్రము అదే. మృత్యువు మాటకు గొంతు పెంచలేదు, ఆ స్త్రీ వేడికోలునకు గొంతు తగ్గించలేదు. 2020లో మరియొక ఆల్బము, 2023లో 87 ఏండ్ల వయస్సున ఇంకొకటి వెలువరించెను.

1970 నాటి పాటను, 2016 నాటి పాటను ఒకదాని వెంట నొకటి వినుటకు నేడు వీలున్నది. వినదలచినవారు పాతదానిని ముందు వినుడు.